గ్రాహం గ్రీన్: యాత్రాస్మృతులు, ఉత్కంఠ నవలలు

ఉత్కంఠ నవలను కాలక్షేప సాహిత్యంగా పక్కన పెట్టడం విమర్శకు పాత అలవాటు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను తెలుగు పాఠకులు ఎంతగా ఆదరించినా, సాహిత్య చర్చలలో ఆ నవలలకు దక్కిన చోటు స్వల్పం. ఆంగ్ల రచయిత గ్రాహం గ్రీన్ (1904-1991) ఈ అంతరాన్ని తన రచనలకు తానే ఆపాదించుకున్నాడు. 'స్టాంబూల్ ట్రెయిన్' (1932) వంటి నవలలను 'వినోదాలు' అని వేరుచేసి, తరువాతి కాలంలో ఆ విభజనను తానే విడిచిపెట్టాడు. అది ఎందుకు నిలవలేదో అతని యాత్రాస్మృతులను, థ్రిల్లర్లను కలిపి చదివితే బోధపడుతుంది.

1924లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థిగా ఉన్న గ్రీన్, ఫ్రెంచి సైన్యాల ఆక్రమణలో ఉన్న రూర్ ప్రాంతానికి జర్మన్ రాయబార కార్యాలయం ఖర్చుతో వెళ్లాడు. మిత్రుడు క్లాడ్ కాక్‌బర్న్ వెంట ఉన్నాడు. గూఢచర్యం మీది మోజు ఆ ప్రయాణంలో ప్రధానాంశం. 'ఎ సార్ట్ ఆఫ్ లైఫ్' (1971)లో వృద్ధ రచయిత ఈ ఘట్టాన్ని చిరునవ్వుతో చెబుతాడు. ఒక పరాజిత దేశపు అవమానం ఆ చిరునవ్వు వెనుక కొంత మరుగున పడుతుంది.

1935 నాటి లైబీరియా కాలినడక యాత్ర మరింత విలువైన సాక్ష్యం. బాల్యంలో చదివిన రైడర్ హగార్డ్ నవల 'కింగ్ సాలమన్స్ మైన్స్' తనను ఆఫ్రికా వైపు నడిపించిందని గ్రీన్ తరువాత ఒక వ్యాసంలో వివరించాడు. అయితే 'జర్నీ వితౌట్ మ్యాప్స్' (1936)లో, వెంట నడిచిన పినతండ్రి కుమార్తె బార్బరా గ్రీన్ దాదాపు కనిపించదు. ఆమె 1938లో ప్రచురించిన తన గ్రంథంలో అదే యాత్రను వేరొక దృష్టితో చెప్పింది. జ్వరంతో గ్రీన్ మరణానికి చేరువైన రాత్రిని తెలుసుకోవడానికి ఆమె కథనం అవసరమవుతుంది. స్మృతి రచన తనకు కావలసిన ఏకాంతాన్ని తానే కల్పించుకుంటుందని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక థ్రిల్లర్ సంగతి. యుద్ధకాలంలో పశ్చిమాఫ్రికాకు ఓడలో వెళుతూ గ్రీన్ మైకేల్ ఇన్నెస్ డిటెక్టివ్ నవల చదివాడు. ఆ ప్రేరణతో, ఫ్రీటౌన్‌లో బ్రిటిష్ గూఢచారి శాఖ ఉద్యోగిగా ఉంటూ, 'ది మినిస్ట్రీ ఆఫ్ ఫియర్' (1943) రాశాడు. నాయకుడు ఆర్థర్ రో బాంబుల లండన్‌లో చిక్కుకుని, ఒక దశలో జ్ఞాపకం కోల్పోతాడు. మిగిలినవి యౌవనానికి ముందరి స్మృతులే. ఆ స్థితిలో అతడు సంతోషంగానే ఉంటాడు. అంతకుముందు ఒక కలలో, చనిపోయిన తల్లితో, ఆమె నవ్వుకున్న గూఢచారి కథలే ఇప్పుడు లోకంలో నిజమయ్యాయని చెప్పుకుంటాడు. యౌవనస్మృతి ఎంత మధురమో, దానిలో తలదాచుకోవడం ఎంత ప్రమాదమో ఈ 'వినోదం' చెప్పినంత సూటిగా గ్రీన్ ఆత్మకథలు చెప్పలేదు.

లోపమూ ఉంది. ఆఫ్రికాలో రాసిన ఈ నవలలో ఆఫ్రికా లేదు. ఆ నేలకు చోటు 'ది హార్ట్ ఆఫ్ ది మ్యాటర్' (1948) వరకు దొరకలేదు. యాత్రాగ్రంథంలో సైతం సామాను మోసిన లైబీరియన్లు ఒక ఐరోపీయుని ఆత్మాన్వేషణకు నేపథ్యంగా మిగిలిపోయిన సందర్భాలు అనేకం. కాబట్టి ఈ రెండు ప్రక్రియలలో ఏ ఒక్కదానినీ సంపూర్ణ సాక్ష్యంగా స్వీకరించలేము.

అయినా చరిత్ర విద్యార్థికి థ్రిల్లర్ నిరుపయోగం కాదు. తాను ఎటువంటి యాత్రికుడినని గుర్తుండిపోవాలనుకున్నాడో గ్రీన్ స్మృతులు చెబుతాయి. ఆ యాత్రల నాటి ప్రపంచం దేనికి భయపడిందో అతని నవలలు నమోదు చేశాయి. ఈ రెండవదానిని వినోదమని కొట్టివేస్తే, ఇరవయ్యవ శతాబ్దపు భయాల చరిత్రలో ఒక ముఖ్యాధారాన్ని కోల్పోయినట్లే.