వర్గమునకు పేరు: తెలుగు వికీపీడియాలో మెదక్ జిల్లా

గ్రంథాలయపు బీరువాలో ఒక పుస్తకమునకు ఒకే చోటు ఉండును. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని గురించిన పుస్తకమును చరిత్ర క్రింద ఉంచవలెనా, వాస్తువు క్రింద ఉంచవలెనా అని గ్రంథపాలకుడు తేల్చుకొనక తప్పదు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాకు ఈ చిక్కు లేదు. అచ్చట ఒకే వ్యాసమును ఎన్ని వర్గములలోనైనను చేర్చవచ్చును. ఒకే వర్గము పెక్కు పెద్ద వర్గములకు ఉపవర్గము కావచ్చును. ఈ ఏర్పాటు మెచ్చదగినది.

అయితే చోటు సమస్య తీరినను పేరు సమస్య మిగిలియే యున్నది. "మెదక్ జిల్లా" అను పేరునే చూడుడు. 2016 అక్టోబరు 11 వరకు ఆ జిల్లాకు ముఖ్యపట్టణము సంగారెడ్డి. ఆనాడు అది మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలుగా విడిపోయినది. 2011 జనాభా లెక్కలలో పాత జిల్లా జనము 30 లక్షలకు పైగా ఉండగా, అవే లెక్కల ప్రకారము నేటి మెదక్ జిల్లా జనము 8 లక్షల లోపే. 1972లో పటాన్‌చెరులో స్థాపితమైన మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ పాత మెదక్ జిల్లాలోనిది. నేడు సంగారెడ్డి జిల్లాలోనిది. సంస్థ అంగుళము కదలలేదు. కాని 2016కు ముందు దాని వ్యాసమును "మెదక్ జిల్లా" వర్గములో ఉంచియున్నచో, ఆ వర్గము ఒక్క రోజులో తప్పైనట్లే.

ఈ లోపమునకు మూలము, పేరులో స్థలము ఉండి కాలము లేకపోవుట. ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణములో స్థలమునకు, కాలమునకు వేరువేరు స్థానములు కలవు. ఆ సూత్రమును పాటించినచో "మెదక్ జిల్లా (2016కు పూర్వము)" అను వర్గము, నేటి జిల్లా వర్గము వేరుగా నిలుచును.

రెండవ చిక్కు అక్షరములది. వృక్షశాస్త్రము, వృక్షశాస్త్రం, బాటనీ అను మూడు మాటలకు అర్థము ఒకటే యైనను, కంప్యూటరుకు అవి మూడు వర్గములు. వాడుకను ముందుగా నిర్ణయించనిచో వ్యాసములు చెదరిపోవును. ఒక వర్గమును మాత్రమే తెరచిన విద్యార్థి, తక్కిన వ్యాసములు అసలు లేవనుకొనును.

దీనికి క్రొత్త యంత్రము అక్కరలేదు. ప్రతి వర్గమునకు ఒక పుట ఉన్నది. వివరణ వ్రాయుటకు అందులో తావున్నది. ఏవి చేరును, ఏవి చేరవు, ఏ కాలమునకు చెందును అని రెండు వాక్యములు వ్రాసిన చాలును. అంతవరకు, అచ్చటి జిల్లా వ్యాసములను తరగతిలో వాడు ఉపాధ్యాయులు "ఇది ఏనాటి మెదక్ జిల్లా?" అని విద్యార్థులచే ముందుగా తేల్పించుట మంచిది.