కుచేలుని నగరప్రవేశము

కుచేలోపాఖ్యానమును మనవారు దారిద్ర్యము తీరిన కథగా చదువుచున్నారు. పోతన భాగవత దశమస్కంధములోని యీ కథను బడిలో చెప్పినపుడెల్ల నేనును అట్లే చెప్పితిని. గత మాఘమాసమున బాల్యమిత్రుని జూచుటకు హైదరాబాదు పోయి వచ్చిన పిమ్మట ఆ యర్థము చాలదని తోచినది.

1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి మాదాపురపు రాతిగుట్టల నడుమ ఒక నూతన ద్వారక లేచినది. 2019లో మెట్రోరైలు హైటెక్ సిటీని చేరినది. అచ్చట దిగి మిత్రుడు పనిచేయు భవనమునకు నడచితిని. లోపలివారు చెప్పినగాని పంపుటకు వీలులేదని కావలివాడు నన్ను నిలిపెను. అది యాతని కొలువుధర్మము; తప్పెన్నరాదు. కాని నా భార్య కట్టియిచ్చిన అరిసెల సంచితో నిలిచిన ఆ యరగంటలో కుచేలుడు తలపునకు వచ్చెను. ఆ విప్రుడు మూడు కావలితావులను, మూడు కక్ష్యలను దాటిపోయెనని సంస్కృతమూలమున గలదు. అడ్డగించినవారి ప్రసక్తి లేదు.

మిత్రుడు తానే దిగివచ్చి, కౌగిలించుకొని, "ఏదైనా పనిమీద వచ్చినావురా?" అనెను. ఆ ప్రశ్న నన్ను గ్రుచ్చినది. నిజమే గదా! అరిసెల క్రింద మా మేనల్లుని యుద్యోగపు దరఖాస్తు ఉండెను.

ఇక కథను మరల చూడుడు. శ్రీకృష్ణుడు అతిథి పాదములు కడిగి, చేయి పట్టుకొని మొదట ముచ్చటించినది సాందీపని యింటి చదువును గూర్చి. గురుపత్ని పంపగా కట్టెలకు పోయి, గాలివానలో అడవియందు చిక్కిన రాత్రిని గూర్చి. సంపద నిచ్చుట మనస్సున తలచెనే కాని కుచేలునితో పలుకలేదు. కుచేలుడును నోరు విప్పి యడుగలేదు; వట్టి చేతులతో మరలుచు, ఆ యాదరమునకే పొంగిపోయెను. మేడ వెలయుట తరువాతి మాట.

భారత ఆదిపర్వమున ద్రుపదుడు సహాధ్యాయియైన ద్రోణునితో, రాజునకును పేదకును సఖ్యమెక్కడిదనెను. ఆ మాటనుండి పుట్టిన పగ యెంతదూరము పోయినదో యెల్లరెరుగుదురు. ఇర్వురు మిత్రులకును సంపద గలదు. గురుకులపు జ్ఞాపకము ఒక్కనియందే నిలిచినది. కుచేలకథకు ప్రాణము ఆ రాత్రివాన గాని మేడ గాదు. మేడనే ముందిడి చెప్పుచు, నగరమున స్థిరపడిన ప్రతివానిని కోరికలు తీర్చు దేవుడుగా పల్లెలకు చూపినవారము మా బోటి ఉపాధ్యాయులమే.

ఆ కాగితము సంచిలోనుండి తీయలేదు. ఆ సాయంకాలము అరిసెలు తినుచు మా పాత మాస్టరుగారి బెత్తమును తలచి నవ్వుకొంటిమి. మేనల్లుడు నన్నింకను క్షమింపలేదు.