కథ ముగిసిన పిదప

మన సంఘము వారు ఈ సంచికకు సాహిత్యవిషయకమైన వ్యాసమొకటి వ్రాసి ఇమ్మని అడిగినపుడు, మేము కవిత్రయమును గూర్చియో, రాయలనాటి ప్రబంధములను గూర్చియో వ్రాయుదుమని తలచి యుందురు. అట్టి విషయములను వ్రాయుటకు పండితులు కలరు. మేము ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, హోసూరున కాపురముండి, కృష్ణగిరిలో ఒక కచేరీలో ముప్పదియేండ్లకు పైబడి గుమాస్తా పని చేసి విశ్రాంతి గైకొన్న వారము. తెలిసినదానిని గూర్చి వ్రాయుటయే మాకు మర్యాద. కావున పండితులు చిన్నచూపు చూచిన విషయమునొకదానిని, అనగా స్త్రీలు వ్రాయగా స్త్రీలు చదివిన ప్రణయనవలలను గూర్చి, నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

ఇందులకు ప్రేరణము మా మనుమరాలు. ఆమె బెంగళూరున కళాశాలలో చదువుచు, బస్సులో పోవునపుడును వచ్చునపుడును ఇంగ్లీషు నవలలు చదువుచుండును. అవి యన్నియు రెండువందల యేండ్ల నాటి ఇంగ్లండు కథలు. మూడవ జార్జి రాజునకు మతిస్థిమితము తప్పగా, ఆయన కుమారుడు 1811 మొదలు 1820 వరకు తండ్రికి మారుగా రాజ్యము నడపెను. ఆ కాలమును రీజెన్సీ కాలమందురు. గుఱ్ఱపుబండ్లు, నృత్యసభలు, వేలకొలది పౌనుల రాబడి గల బ్రహ్మచారులు, కట్నము చాలని కన్నెలు, ఇవి ఆ కథలకు సామగ్రి. వానిని చదువుటయే గాక, వ్రాసినవారు తమ పాత్రలను గూర్చి ఏమి తలంచిరో అదియు చదివి, సాయంకాలము మాకు చెప్పుచుండెడిది. అవి వినగా మాకు కలిగిన యోచనలే ఈ వ్యాసము.

ఈ తరగతి నవలలకు ఇరువదవ శతాబ్దమున బాట వేసినది జార్జెట్ హేయర్ అను ఆంగ్ల రచయిత్రి (1902-1974). ఆమె 'రీజెన్సీ బక్' అను నవల 1935లో వెలువడెను. పత్రికలవారికి దూరముగా నుండి తన పని తాను చేసికొనిన మనిషి. తన నాయకులను గూర్చి ఆమెకు భ్రమలు లేవు. వారు రెండే అచ్చులలో పోసినవారని ఆమెయే చెప్పెను. మొదటి అచ్చువాడు ముక్కోపి, మొరటు. రెండవ అచ్చువాడు మెత్తని మాటలవాడు, సొగసుకాడు, ధనవంతుడు, గుఱ్ఱపుబండి తోలుటలో పేరుమోసినవాడు. కుమ్మరి తన కుండలను గూర్చి చెప్పినట్లు చెప్పెనే గాని, తల్లి బిడ్డలను గూర్చి చెప్పినట్లు కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున 'ఫ్రైడేస్ చైల్డ్' అను నవలను గూర్చి ఒక లేఖలో, ఇట్టి పిచ్చివ్రాతలు వ్రాసినందుకు తన్ను కాల్చివేయవలయునని కూడ ఆమె హాస్యమాడెను. అయినను బాంబుల భయమున నేలమాళిగలో కూర్చున్నవారికిని, జ్వరము తగ్గి తేరుకొనుచున్నవారికిని మంచి కాలక్షేపమగునని ఒప్పుకొనెను.

హేయరునకు గురుస్థానమున నున్న జేన్ ఆస్టెన్ (1775-1817) రీతి వేరు. ఈమె ఆ కాలముననే జీవించి, తాను కన్న సంసారములనే వ్రాసెను. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లో అచ్చయ్యెను. అందు జేనును బింగ్లీయు, ఆమె చెల్లెలు ఎలిజబెత్తును డార్సీయు వివాహమాడుదురు. ఆ సంవత్సరము మే నెలలో రచయిత్రి లండనులో ఒక చిత్రప్రదర్శనమునకు పోయి, గోడలనున్న పటములలో తన పాత్రల పోలికలు వెదకెను. బింగ్లీ భార్య దొరకెను. తెల్లని దుస్తులు, ఆకుపచ్చని అలంకారములు. డార్సీ భార్య మాత్రము ఎందును కానరాలేదు. ఆమె పటమును పదిమంది కంట పడనిచ్చుటకు డార్సీకి మనసొప్పి యుండదని, ఇంటికి వ్రాసిన జాబులో తన్ను తాను సమాధానపరచుకొనెను.

కథ ముగిసిన పిదప ఏమి జరిగెనని ఇంటిలోని పిల్లలడిగిన, వారికి తీరికగా చెప్పుచుండెడిదట. ఈ సంగతులను ఆమె మేనల్లుడు గ్రంథస్థము చేసెను. ఎలిజబెత్తు చెల్లెండ్రలో కిట్టీకి మతాచార్యుడొకడు భర్తగా దొరకెను. పుస్తకములలో తల దాచుకొను మేరీకి మాత్రము, న్యాయవాదియైన బంధువు ఫిలిప్సు కచేరీలోని గుమాస్తాను మించిన సంబంధము కుదురలేదు!

ఇది చెప్పి మా మనుమరాలు మా ముఖము వంక చూచి నవ్వినది. మేమును నవ్వితిమి గాని, గుమాస్తాలము గనుక రవంత నొచ్చుకొంటిమి. డార్సీ రాబడి ఏటికి పదివేల పౌనులని పుస్తకమందు స్పష్టముగా నున్నది. గుమాస్తా జీతమెంతో ఎవరును వ్రాయలేదు. కాని న్యాయము న్యాయమే. తన చిన్న ఊరివారిలో తానే మిన్నయని పేరు పొంది మేరీ సంతుష్టురాలయ్యెనని కూడ ఆస్టెను చెప్పెను. హేయరు తన నాయకులను అచ్చులుగా చూచినది. ఆస్టెను తన పాత్రలను చుట్టములుగా చూచినది. చుట్టములలో అందఱికిని గొప్ప సంబంధములు కుదురవని ఎఱిగియు, కుదురని వారిని విడిచిపెట్టలేదు.

ఇక మన తెలుగునకు వత్తము. కృష్ణాజిల్లా కాజ గ్రామమున జన్మించి, 2018లో కాలిఫోర్నియాలో పరమపదించిన శ్రీమతి యద్దనపూడి సులోచనారాణి గారి పేరు ఎఱుగని తెలుగిల్లు ఉండదు. ఆమె 'సెక్రటరీ' నవల 1960ల నడుమ 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వెలువడి, 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించిన చలనచిత్రమయ్యెను. అందలి నాయకుడు రాజశేఖరము. ధనము, రూపము, గాంభీర్యము, అభిమానము, అన్నియు గలవాడు. హేయరు రెండవ అచ్చులో పోసి, మొదటి అచ్చులోని కోపమును చిటికెడు కలిపినచో రాజశేఖరము సిద్ధమగును. ఆమె ఈమెను అనుకరించెనని గాని, ఈమె ఆమెను చదివెనని గాని మా అభిప్రాయము కాదు. మధ్యతరగతి కన్నెల కలలు ఏ దేశముననైనను ఒక పోలికగనే యుండునని మాత్రమే చెప్పుచున్నాము.

అవి పగటికలలని విమర్శకులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణమున కొంత నిజము కలదు. ఆ నవలలలోని కార్యాలయములను చూచిన మావంటివారికి నవ్వు వచ్చును. హాజరుపట్టీ లేదు, దుమ్ముపట్టిన దస్త్రముల కట్టలు లేవు, మూడేండ్లకొకమారు వచ్చు తనిఖీ లేదు. యజమాని కంటిచూపునకు అర్థము వెదకుకొనుచు కూర్చుండుటకు మా కచేరీలో ఎవరికిని తీరిక యుండెడిది కాదు. ధనము గల నాయకుని రాకతో సమస్త కష్టములును తొలగుటయు లోకమున జరుగునది కాదు. గుమాస్తా నాయకుడగుట అచటను లేదు, ఇచటను లేదు.

కాని విమర్శకులు చూడని సంగతి యొకటి కలదు. ఆ నవలకు పెట్టిన పేరు నాయకుని పేరు కాదు, నాయిక పేరును కాదు. ఆమె చేయు ఉద్యోగము పేరు. రీజెన్సీ నాటి మర్యాదస్తుల యింటి కన్నెకు వివాహము కానిచో, పరుల యింట పిల్లలకు చదువు చెప్పుట తప్ప వేఱు దారి దాదాపుగా లేదు. ఆస్టెను వ్రాసిన 'ఎమ్మా' నవలలో జేన్ ఫెయిర్‌ఫాక్సు అను విద్యావతి, ఆ కొలువును బానిసల వర్తకముతో పోల్చి భయపడును. మన జయంతికి ఉద్యోగము సిగ్గుపడవలసిన విషయము కాదు. దాని వలన ఆమె తల ఎత్తుకొని మాటాడును. అవమానము జరిగినదని తోచినపుడు ఎదుటివాని ధనమును లెక్కపెట్టదు. నాయకుడు కలలోనివాడే యగుగాక. నాయిక ఆత్మాభిమానము మాత్రము కల కాదు. ఆ కాలమున బడి మానిపింపబడి యింట కూర్చున్న ఆడపిల్లలు రాజశేఖరము కొఱకు చదివిరని మగవారమనుకొంటిమి. వారు చదివినది జయంతి కొఱకేమో యని మాకిపుడు తోచుచున్నది.

ఇట్లనుటకు మా యింటి సాక్ష్యము కలదు. మాకు పదునొకండేండ్ల ప్రాయమున, మా అక్కగారు అయిదవ తరగతితో చదువు నిలిపి యింటనుండెడివారు. అప్పుడు మన హోసూరు ధర్మపురి జిల్లాలోనిది. కృష్ణగిరి జిల్లా 2004లో గదా యేర్పడినది. తెలుగు పత్రికలు బెంగళూరు బస్సులో వచ్చి, ఒక్కొక్క ప్రతి పది యిండ్లు తిరుగుచుండెడిది. మా అక్క ఒక ఉపాధ్యాయుల యింట పాత సంచికలు సంపాదించి, కథ గల పుటలను వేఱుచేసి, సూదిదారముతో కుట్టి పుస్తకములు చేసికొనెడివారు. వేసవి రాగానే చింతపండు గింజ తీయుటకు వీధిలోని స్త్రీలందఱు మా వసారాలో చేరెడివారు. వారిలో పలువురికి అక్షరము రాదు. అక్క చదువుచుండ వారు వినెడివారు. రాజశేఖరము జయంతిని అపార్థము చేసికొన్నచోట వానిని తిట్టెడివారు. వాని బంగళా బెంగళూరిలోనే యున్నదని మా అమ్మగారు నిశ్చయించిరి. పుస్తకము చేత లేనినాడు అక్క నోటితోనే కథ చెప్పెడివారు. చెప్పినపుడెల్ల అది కొంత పెరిగెడిది.

అక్క బాగలూరునకు కాపురమునకు పోవుచు, ఆ కుట్టిన పుస్తకములను మా యింటి అటకపై ఉంచిరి. 1985లో ఇంటికి మరమ్మతు చేయించునపుడు మేము వానిని పాతకాగితముల వానికి తూచి వేసితిమి. ఆడవారి కాలక్షేపపు కాగితములే గదా యని మా తలంపు. పిమ్మట అక్క వచ్చి అడుగగా జరిగినది చెప్పితిమి. ఆమె కోపపడలేదు. "ఎంత వచ్చిందిరా?" అని మాత్రమడిగిరి. రెండు రూపాయల చిల్లర వచ్చినదని చెప్పుటకు మాకు నోరాడలేదు.

హేయరు జీవితములోని మఱియొక సంగతి విన్ననాడు మాకు ఆ ప్రశ్న మరల వినబడెను. రుమేనియా దేశమున రాజకీయ ఖైదీగా పండ్రెండేండ్లు చెఱలో గడపిన ఒక స్త్రీ ఆమెకు జాబు వ్రాసెను. 'ఫ్రైడేస్ చైల్డ్' కథను జ్ఞాపకము నుండి మరల మరల చెప్పుచు, తన మతియు తోడి ఖైదీల మతియు చెదరకుండ కాపాడుకొంటినని అందలి సారము. ఏ పుస్తకమును వ్రాసినందుకు తన్ను కాల్చివేయవలయునని రచయిత్రి నవ్వుకొనెనో, ఆ పుస్తకమే అచట ప్రాణాధారమయ్యెను. ఆ జాబును హేయరు పాఱవేయక దాచుకొనెను. అనగా పాత్రల విలువను గూర్చి వానిని వ్రాసినవారి మాటయు కడపటి తీర్పు కాదు. వారి తీర్పే కడపటిది కానపుడు, రెండు రూపాయల చిల్లరకు తీర్పు చెప్పిన గుమాస్తా మాట యెంత?

మన హోసూరు చెఱ కాదు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. 2006 నాటి చట్టము ననుసరించి అది ఒకటవ తరగతి మొదలు క్రమక్రమముగా తప్పనిసరి పాఠ్యమైనది, దానిని నేర్వవలసినదే. కాని మా మనుమరాలికి తెలుగక్షరములు రాకుండుటకు ఆ చట్టమొక్కటియే కారణమనుట సత్యము కాదు. ఇంగ్లీషు బడిని కోరినవారము మేమే; ఇంటనున్న తెలుగు పుటలను అమ్మినవారమును మేమే. ఆమె డార్సీని ఎఱుగును, రాజశేఖరమును ఎఱుగదు. చింతపండు వసారాలో అక్షరము రాని తల్లులకు ఆనాడు అందిన కథ, పట్టభద్రురాలు కాబోవు ఈ బిడ్డకు అందలేదు.

మొన్న సంక్రాంతికి అక్కగారు మా యింటికి వచ్చినపుడు, మా మనుమరాలు కథ చెప్పుమని ఆమె ప్రక్కన కూర్చున్నది. డెబ్బది దాటిన అక్క, పుస్తకము లేకయే, రెండు రాత్రులు 'సెక్రటరీ' కథ చెప్పిరి. జయంతీ రాజశేఖరములు ఒకటైన పిదప ఆ పిల్ల, ఆనాడు ఆస్టెను ఇంటి పిల్లలడిగిన ప్రశ్ననే అడిగినది.

"పెండ్లయినాక జయంతి పని మానేసిందా అవ్వా?"

"ఏడ మానింది? నేను మాననిస్తినా!" అని అక్క యనిరి.

నవలలో ఆ మాట లేదు. విమర్శ చేయబూనిన మాకు, ఆ నవలలోని లోపమును అంత క్లుప్తముగ చూపి, అంత సుళువుగ దిద్దిన మాట మఱియొకటి తోచలేదు.

మా మనుమరాలు ఇపుడు పలకపై అక్షరములు దిద్దుచున్నది. గుణింతము దాటలేదు, దాటునో లేదో చెప్పజాలము. ఈ సంచిక చేరిన యిండ్లలో అటకలపై కుట్టిన పుటలెవరికైన నున్నచో, వానిని తూకమునకు వేయవలదని మా మనవి. వేయదలచినచో మాకొక్క మాట చెప్పి పంపుడు. ఆ చిల్లర మేమే యిచ్చి తెచ్చుకొందుము.