దశమభాగానికి అయిదు వచనాల ముందు

చర్చిలో కానుక గురించి మాట్లాడాల్సి వస్తే మన ప్రసంగీకులు ముందుగా తీసేది మలాకీ గ్రంథం 3వ అధ్యాయం 10వ వచనం. పదోవంతు తెచ్చి మందిరానికి ఇస్తే పట్టలేనంత దీవెన దొరుకుతుందన్న వాగ్దానం అక్కడుంది. వినేది ఎవరు? మాల, మాదిగ వాడల్లో నాట్లేసి, కలుపు తీసి, రోజు కూలి మీద ఇల్లు నడిపే ఆడవాళ్లే ఎక్కువ. ఆ కూలిలో పదోవంతు తీసి కవర్లో పెడతారు. అది చాలదన్నట్టు వండే ముందు పిడికెడు బియ్యం కూడా పక్కన పోస్తారు.

అదే అధ్యాయంలో అయిదు వచనాలు వెనక్కి పోతే ఇంకో మాట ఉంది. కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్లకు, వితంతువుల్ని, తండ్రిలేని పిల్లల్ని పీడించేవాళ్లకు, పరదేశికి అన్యాయం చేసేవాళ్లకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్తానంటాడు దేవుడు. వీళ్లని నిలబెట్టింది మంత్రగాళ్లు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణం చేసేవాళ్లు ఉన్న వరసలోనే. మంత్రగాళ్ల మీదా వ్యభిచారుల మీదా ప్రసంగాలు మనం కావలసినన్ని విన్నాం. కూలి ఎగ్గొట్టేవాడి మీద ఎన్ని విన్నాం?

ఇది ఎవరో మర్చిపోయిన వచనం అని మేము అనుకోవడం లేదు. బైబిల్లో సంపద, పేదరికం గురించిన మాటల్ని ఎలా కోస్తున్నారు, కోసి ఎవరి ముందు పెడుతున్నారు అన్నదే ఇక్కడ మా ప్రశ్న.

ధర్మశాస్త్రంలో పదోవంతు పంట మీద, మంద మీద. ధాన్యం, ద్రాక్షారసం, నూనె, పశువులు. అంటే ఇవ్వాల్సింది పొలం ఉన్నవాడు, మంద ఉన్నవాడు. పుచ్చుకునేది లేవీయుడు, ఎందుకంటే గోత్రాలకు భూమి పంచినప్పుడు అతనికి వాటా లేదు. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం ప్రకారం మూడో ఏటి పదోవంతు ఊళ్లోనే నిలవ చెయ్యాలి. లేవీయుడితో పాటు పరదేశులు, తండ్రిలేని పిల్లలు, వితంతువులు వచ్చి కడుపునిండా తినాలి. భూమి ఉన్న చోటినుంచి లేని చోటికి తిండి పోయే దారి అది. భూమిలేనివాడి కూలిలో పదోవంతు పట్టుకోమని ఆ శాస్త్రంలో ఎక్కడా లేదు. అబ్రాహాము ఇచ్చాడు కదా అంటారు. ఆయన ఇచ్చింది యుద్ధంలో దొరికిన సొమ్ములోంచి, కలుపు కూలిలోంచి కాదు.

తెలుగు బైబిలు వాడిన 'నిధి' అన్న మాట దగ్గర కూడా ఆగాలి. ఆ హీబ్రూ మాటకు ఖజానా, కొట్టు అని రెండర్థాలూ ఉన్నాయి. కానీ మందిరంలో ఆహారం ఉండాలని ఆ వచనమే చెప్తోంది. నెహెమ్యా 13వ అధ్యాయంలోనూ పదోవంతు చేరింది ధాన్యం, నూనె దాచే గదుల్లోకే. అది గాదె. మన చెవికి మాత్రం నిధి అంటే డబ్బు పెట్టె.

మార్కు 12వ అధ్యాయంలో రెండు కాసులు వేసిన బీద వితంతువుకూ ఇదే గతి పట్టింది. ఆమెను చూసి ఇవ్వడం నేర్చుకోమంటారు. ఆ కథకు సరిగ్గా ముందు వచనంలో వితంతువుల ఇళ్లు మింగే శాస్త్రుల్ని యేసు దుయ్యబట్టాడు. కథ అయిన వెంటనే, 13వ అధ్యాయం మొదట్లో, ఆ దేవాలయం రాయి మీద రాయి లేకుండా కూలుతుందన్నాడు. మధ్యలో ఆమె తన బతుకంతా వేసేసి పోయింది. అది మెచ్చుకోలా, గుండెకోతా? ముందూ వెనకా కలిపి చదివితే మాకు రెండోదే వినిపిస్తోంది.

పల్లె పాస్టరుతో మాకు పేచీ లేదు. చాలాచోట్ల ఆయనా భూమిలేని దళితుడే, ఆ కానుక మీదే బతుకుతాడు. లేవీయుడి లెక్కలోకి వచ్చేది ఆయనే. టీవీలో బ్యాంకు ఖాతా నంబరు చూపించి దీవెన అమ్మే పరిచర్యల సంగతి వేరు.

కూలికీ మన క్రైస్తవానికీ సంబంధం కొత్తది కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మాదిగలకు పనీ కూలీ దొరికాయి. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపి, తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ అంకెను మన సంఘాలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాయి. కాలవ కూలి మాట తక్కువగా వస్తుంది. అన్నం కోసం మతం మారారన్న ఎత్తిపొడుపుకు జడిసే కాబోలు.

దళిత వేదాంతానికి పునాది వేసిన అరవింద్ నిర్మల్ ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలోని విశ్వాస ప్రకటనలో దళితుల చరిత్రను చూశాడు. పెద్ద మలుపే అది. అయితే అదే అధ్యాయం 12వ వచనంలో మళ్లీ ఆ మూడో ఏటి పదోవంతే ఉంది. బాధ, అవమానం గురించి ఆ ధోరణిలో ఎంతో రాశారు. గాదె దాకా, కూలి రేటు దాకా వచ్చింది తక్కువ.

అలాగని బైబిలు అంతా మనవైపే ఉందని మేము చెప్పం. లేవీయకాండం 25వ అధ్యాయంలోని సునాద సంవత్సరాన్ని కొందరు మిత్రులు భూసంస్కరణ అంటారు. 50వ ఏట అమ్ముకున్న భూమి తిరిగొస్తుంది, నిజమే. ఎవరికి? అంతకుముందు ఉన్నవాడికి. తాతలనాడు కూడా సెంటు భూమి లేనివాడికి తిరిగొచ్చేదేముంది? పరదేశుల్ని శాశ్వతంగా బానిసలుగా ఉంచుకోవచ్చని కూడా ఆ అధ్యాయమే అంటోంది. పరిగె ఏరుకునే హక్కు రూతుకు దక్కింది, పొలం మాత్రం బోయజుదే. ఈ హద్దులు దాచిపెట్టి చేసే విమోచన వ్యాఖ్యానం రేపు మనకే అడ్డం తిరుగుతుంది.

యాకోబు పత్రిక 5వ అధ్యాయం మాత్రం సూటిగా ఆసామితోనే మాట్లాడుతుంది. నీ చేలు కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందంటుంది. ఆ ఆసామి మన చర్చికి రాడు కదా అని ఒక పాస్టరు మాతో అన్నారు. రాడు. కానీ చర్చి మీద కట్టిన మైకు వాడ దాటి ఊళ్లోకి వినబడుతుంది. అందులోంచి ఇప్పటిదాకా ఊరు విన్నది 10వ వచనమే.