ఇంటిపేరు పెట్టే ముందు

పోయిన కార్తీకంలో మా ఊరి కౌలు రైతు ఒకతను అగ్గిపెట్టె పట్టుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చుని, పెట్టె సగం తెరిచి నా ముందు పెట్టి, "మాస్టారండీ, ఇది దోమేనాండి? మందు కొట్టేయమంటారా?" అన్నాడు. లోపల నాలుగైదు పురుగులు. ఒక్కోటీ మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నల్లటి తల, లేతపచ్చ రెక్కలు, పొడుగాటి మీసాలు. భూతద్దం పెట్టి చూసి, "దోమ కాదయ్యా, దోమ గుడ్లు తినేది. మిరిడ్ నల్లి" అన్నాను.

అతనికి నమ్మకం కుదరలేదు. "నల్లంటే పంట రసం పీల్చేదే కదండీ" అన్నాడు.

అతను అన్నది తప్పని ఎలా అనను? రాత్రి చెవి దగ్గర పాడేదీ మనకి దోమే, వరి దుబ్బుల మొదళ్ళలో చేరి చేను సుడులు సుడులుగా ఎండబెట్టేదీ దోమే, మిరప ఆకు కదిపితే తెల్లగా లేచేదీ దోమే. జీడిమామిడి లేత చిగురు మాడ్చేసేది తేయాకు దోమ. మొదటిది మిగతా మూడింటికీ ఏమీ కాదు. ఆ మూడూ దూరపు చుట్టాలు. నల్లి సంగతీ అంతే. మంచం సందుల్లో నల్లి, పిండినల్లి, పాలకంకి మీద కంపునల్లి, ఎనిమిది కాళ్ళ ఎర్రనల్లి. వరి రైతు కంకినల్లి అంటే కంటికి ఆనని ఎనిమిది కాళ్ళ జీవి. జొన్న రైతు అదే మాట అంటే ఆరు కాళ్ళ పురుగు, ఈ అగ్గిపెట్టెలో ఉన్నదాని కుటుంబమే. ఈ పేర్లు పంటకు ఏం జరిగిందో చెబుతాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పడం వాటి పని కాదు. కానీ మందు కొట్టాలా వద్దా అన్నది తేలేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

అగ్గిపెట్టెలో పురుగు పేరు సిర్టోరైనస్ లివిడిపెన్నిస్. సుడిదోమ తన గుడ్లను వరి ఆకు తొడిమ కండలోకి దోపి దాస్తుంది. ఈ చిన్నది మొదలంతా తిరిగి, ఆ చోటు పసిగట్టి, ఆకు పైనుంచే ముక్కు దించి గుడ్డులో ఉన్నదంతా తాగేస్తుంది. దోమ పెరిగితే ఇదీ పెరుగుతుంది, రాత్రిళ్ళు దీపాల దగ్గరికి గుంపులుగా వస్తుంది. కంగారుపడి సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొట్టిన చేలో ముందు చచ్చేది ఇదే. కాపలా పోయాక దోమ మళ్ళీ విరుచుకుపడుతుంది. 1925లో మొదలైన మారుటేరు పరిశోధనా స్థానం దోమను తట్టుకునే వరి వంగడాల మీద పడ్డ శ్రమంతా ఒక ఎత్తు. చేలో జీతం లేకుండా పనిచేసే ఈ పురుగును బతకనివ్వడం ఇంకో ఎత్తు.

పేరు సంగతికొస్తాను. బొహీమియాలో కోర్టు ఉద్యోగం చేసుకుంటూ పురుగులు చూసిన ఫీబర్ 1858లో సిర్టోరైనస్ అనే ప్రజాతిని ఏర్పరిచాడు. గ్రీకులో 'వంపు ముక్కు' అని అర్థం. లివిడిపెన్నిస్ అనే జాతి పేరు పెట్టింది ఫిన్లాండ్ దేశస్థుడు రాయిటర్. జీవితమంతా ఇలాంటి సన్నటి పురుగుల మీద కళ్ళు పెట్టిన ఆయనకు చివరి ఏళ్ళలో చూపు పోయింది. అయినా రాయడం మానలేదు. ఈ మిరిడ్ కుటుంబం మీద ఏ పుస్తకం తెరిచినా ఆయన పేరు తగలని పుట ఉండదు.

క్లాసులో ద్వినామీకరణ చెప్పేటప్పుడు నాకు పెద్ద కష్టం ఉండేది కాదు. 1758లో లిన్నేయస్ స్థిరపరిచిన పద్ధతిలో ప్రజాతి పేరు ముందు, జాతి పేరు వెనక. మన తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు రాసి తర్వాత మన పేరు రాసుకుంటాం కదా, అచ్చం అలాగే అనేవాణ్ణి. పిల్లలు పట్టేసేవారు. కానీ ఆ పోలిక కొంతదూరమే వస్తుందని ఏళ్ళ తరబడి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాక తెలిసింది. ఇంటిపేరు తాతముత్తాతల నుంచి వస్తుంది, ఎవరూ అడగరు. ప్రజాతి అలా రాదు. ఈ జాతులన్నీ ఒక ఇంటివి, పక్కవి ఆ ఇంటివి కావు అని ఎవరో ఒకరు చెప్పాలి, ఎందుకో చూపాలి, దానికింద సంతకం పెట్టాలి. రెండు ప్రజాతుల మధ్య ఎంత ఎడం ఉండాలో కొలిచే గజంబద్ద ఎక్కడా లేదు. ఉన్నదల్లా చూసినవాడి కన్ను, అతను ఎన్ని పురుగులు చూశాడన్న లెక్క.

మిరిడే కుటుంబంలో ఇప్పటికి పేరు పెట్టిన జాతులు 11,000 దాటాయి. ప్రజాతులు వెయ్యికి పైమాటే. వీటికి బలమైన కవచాలూ కొమ్ములూ ఉండవు. వేలితో నొక్కితే చిట్లిపోయే ఒళ్ళు, రాలిపోయే కాళ్ళు. నేను పురుగును ముక్కోణపు అట్టముక్క కొసమీద చుక్క జిగురుతో అంటిస్తాను. సూది నేరుగా గుచ్చితే ఇంకేం మిగలదు. ముందు రెక్క చూస్తాను. గట్టి భాగం చివర చిన్న నొక్కు, ఆ తర్వాత మేకులాంటి ముక్కోణపు తునక, దాని వెనక పలచటి పొరలో ఒకటో రెండో మూసిన గదులు. తలమీద చిన్న కళ్ళు ఉండవు, ఒక్క ఉపకుటుంబంలో తప్ప. తర్వాత తొడల మీద పొడుగాటి స్పర్శరోమాలు, అవి ఎన్ని, ఎక్కడెక్కడ అని.

ఆ తర్వాత గోళ్ళు. అసలు తగువు అక్కడే తెగుతుంది. రెండు గోళ్ళ మధ్య రెండు సన్నటి పోగులుంటాయి. అవి వట్టి వెంట్రుకల్లా ఉంటే ఒక ఉపకుటుంబం. కండపట్టి, పట్టీల్లా ఉంటే ఇంకోటి. మిల్లీమీటరులో ఎన్నో వంతో చెప్పలేని ఆ పోగును చూడడానికి నేను ఒక మధ్యాహ్నమంతా దీపం కోణం మార్చుకుంటూ కూర్చున్న రోజులున్నాయి. సిర్టోరైనస్‌కు అవి కండపోగులు. చేలో దాని పక్కనే, దాని పనే చేస్తూ తిరిగే టిథస్ అనే చిన్న పురుగుకు వెంట్రుకలు. చూపుకి కవలల్లా ఉంటాయి కాబట్టి చాలాకాలం కొన్ని టిథస్ జాతులను సిర్టోరైనస్ ఇంట్లోనే కట్టేశారు. చెరకు దోమను అదుపు చెయ్యడానికి 1920లో హవాయికి తీసుకెళ్ళిన పురుగు సిర్టోరైనస్ ముండ్యులస్ పేరుతోనే ప్రసిద్ధి కెక్కింది. 1955లో బ్రెజిల్ శాస్త్రవేత్త కర్వాలో, ఇంగ్లండ్ శాస్త్రవేత్త సౌత్‌వుడ్ కలిసి ఈ గుంపునంతా మళ్ళీ తిరగేశారు. ఇవాళ ఆ పురుగు టిథస్ ముండ్యులస్. వేరే ప్రజాతే కాదు, వేరే ఉపకుటుంబం కూడా.

ఆఖరున మగపురుగు పొట్ట కొస విడదీయాలి. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేస్తే కండ కరిగి, గట్టి భాగాలు తేరిన గాజులా బయటపడతాయి. గ్లిజరిన్ చుక్కలో పెట్టి సూది మొనతో తిప్పుకుంటూ బొమ్మ గీస్తాం. కుడి పట్టుకొక్కెం ఒక తీరు, ఎడమది ఇంకో తీరు. ఆ ఎడమదాని వంపు, లోపలి నాళం మెలిక, దానిమీద ముళ్ళు, ఇవే సాక్ష్యాలు. రంగును నమ్మి పెట్టిన ప్రజాతులు కూలిపోయినంతగా ఈ ఎముకల్లాంటి ముక్కలను నమ్మి పెట్టినవి కూలలేదు. బొమ్మ గీయడాన్ని నేను ఫొటోకు వదిలిపెట్టను. చేత్తో గీసేటప్పుడు ప్రతి గీత దగ్గరా 'ఇది నిజంగా ఇక్కడ మలుపు తిరిగిందా' అని ఆగాల్సి వస్తుంది.

ఆగకపోతే ఏమవుతుందో నా అనుభవమే ఉంది. చాలా ఏళ్ళ కిందట కోతలైన వరిచేలో, మోళ్ళ అడుగున ఒక నల్లటి బుల్లి పురుగు దొరికింది. రెక్కలు సగానికి తెగినట్టున్నాయి. రెక్కలో మేకు తునక లేదు, పొర లేదు, గదులు లేవు. గుర్తింపు పట్టిక మొదటి ప్రశ్న దగ్గరే చేతులెత్తేసింది. రెండు నెలలు నిద్రలో కూడా ఆ పురుగే. కొత్త ప్రజాతి అని లోపల నిశ్చయించుకున్నాను, గోదావరి పేరు కలిసొచ్చేలా ఒక పేరు కూడా నోట్సులో రాసుకున్నాను. మరుసటి సార్వాలో దీపపు ఎర కింద పళ్ళెంలో నిండు రెక్కల పురుగులు పడ్డాయి. తలమీద కంటి పక్కన అవే పాలిపోయిన మచ్చలు, అవే గోళ్ళు, అవే వెంట్రుక పోగులు. టిథస్. నా చేతిలో ఉన్నది దాని పొట్టిరెక్కల ఆడది. ఈ కుటుంబంలో మగవి నిండు రెక్కలతో, ఆడవి పొట్టి రెక్కలతో ఉండడం మామూలేనని నేను చదివే ఉన్నాను. చదివినదాన్ని ఆశ కప్పేసింది. నోట్సులో ఆ పేరును కొట్టేశాను, కనపడేలాగే కొట్టేశాను.

పెద్దవాళ్ళ పేర్లూ ఇలాగే కొట్టేయబడ్డాయి. డబ్ల్యు. ఎల్. డిస్టెంట్ మన దేశపు నల్లులన్నిటినీ 1902 నుంచి 1918 దాకా వరస సంపుటాల్లో వర్ణించాడు. ఇక్కడినుంచి ఎవరెవరో పట్టి పంపిన పురుగులను లండన్‌లో కూర్చుని చూశాడు. 1904లో అచ్చయిన భాగంలో గాల్లోబెలికస్ అని ఒక కొత్త ప్రజాతి, అందులో క్రాసికార్నిస్ అని ఒక జాతి. దక్షిణాది పొగాకు మీద పురుగుల గురించి రాసినవాళ్ళు చాలాకాలం ఆ పేరే వాడారు. జిగురుకారే పొగాకు ఆకుమీద తక్కిన పురుగులు కాళ్ళంటుకుని చచ్చిపోతుంటే, పొడుగు కాళ్ళమీద తేలిగ్గా నడిచిపోయే సన్నటి పచ్చపురుగు అది. తర్వాత తేలింది, అదే పురుగుకు 1895లోనే రాయిటర్ టెన్యుయిస్ అని పేరు పెట్టేశాడని. ప్రజాతికి కూడా 1902 నాటి పాత పేరు ఒకటుంది, కిర్కాల్డీ పెట్టింది. ముందు పెట్టిన పేరే నిలవాలన్నది నియమం. గాల్లోబెలికస్ ఇప్పుడు పర్యాయపదాల జాబితాలో ఒక పంక్తి.

నిలిచిన పేరు నెసిడియోకోరిస్ టెన్యుయిస్. హవాయి దీవుల పురుగుల మీద విరివిగా రాసిన కిర్కాల్డీ ఈ మాటను గ్రీకు నుంచి అల్లాడు. నెసిడియోన్ అంటే చిన్న దీవి, కోరిస్ అంటే నల్లి. మన మాటల్లో లంక నల్లి. గోదావరి లంకల్లో ఒండ్రు మీద పెరిగే లంక పొగాకు ఆకుమీద నడిచే పురుగుకు, ఈ నది పేరైనా తలచుకుని ఉండని మనిషి లంక నల్లి అని పేరు పెట్టేశాడు. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థగా వెలసిన చోటు మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఈ పురుగు ఆకు రసమూ తాగుతుంది, ఆకుమీది తెల్లదోమనూ పురుగు గుడ్లనూ తింటుంది. స్పెయిన్‌లో టమాటా తోటల రైతులు దీన్ని డబ్బాల్లో కొనుక్కొచ్చి వదులుతారు. ఎర దొరకనప్పుడు ఇదే టమాటా కాడకు గోధుమరంగు వలయాలు పెట్టి చిగురు విరిచేస్తుంది. శత్రువా మిత్రమా అని ఒక్కమాటలో చెప్పమంటే నేను చెప్పను.

కొత్త ప్రజాతిని ప్రకటించేవాడు చెయ్యాల్సినవి చాలానే ఉన్నాయి. వర్ణన ఉండాలి, దగ్గరి ప్రజాతుల నుంచి ఎలా వేరో ఉండాలి. 1930 తర్వాత పెట్టిన ఏ ప్రజాతి పేరుకైనా ఒక ఆధార జాతిని అప్పుడే నిర్ణయించి తీరాలి. ఆ జాతి ఎటు పోతే పేరు అటు పోతుంది. ఆ జాతికి ఆధారమైన ఒక్క పురుగును రేపు ఇంకొకరు అడిగితే చూపించేలా, కలకత్తా జంతు సర్వే సంస్థలాంటి చోట భద్రపరచాలి. వీటన్నిటికంటే నాకు బరువుగా తోచేది, కొత్తదానికి పేరు పెట్టాలంటే పాతవాటినన్నిటినీ చూసి ఉండాలన్న లెక్క. వేయింటి గడపలు తొక్కి, మీ పిల్ల కాదుకదా అని అడిగి వచ్చాకే వేరు ఇల్లు కట్టాలి.

నా పెట్టెలో ఒక పురుగు ఉంది. కోరింగ వైపు, అభయారణ్యం బయట, చేపల చెరువు గట్టుమీద తిల్ల అనే మడ చెట్టు కొమ్మ దులిపితే గొడుగులో పడింది. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోతుందని మా పడవతను దూరంగా నిలబడ్డాడు. రెక్కలు నిండుగానే ఉన్నాయి. పొరలో గదులున్నాయి. గోళ్ళ మధ్య పోగులు నేను చూసిన ఏ బొమ్మతోనూ కలవడం లేదు. మడ అడవుల్లో ఈ కుటుంబాన్ని పట్టుబట్టి వెతికినవాళ్ళు తక్కువ. ఏ చెట్టుమీద ఏది బతుకుతుందో రాసి ఉంచినవాళ్ళు ఇంకా తక్కువ.

కౌలు రైతు మళ్ళీ వచ్చాడు, కోతలయ్యాక. ఆ రోజు మందు కొట్టలేదట. చేలో కాలిబాటలు తీసి నీళ్ళు బయటికి వదిలేశాడట. అటూ ఇటూ మాట్లాడుతూ మైక్రోస్కోపు దగ్గరికి వచ్చి, "ఇదేంటండీ మరి?" అన్నాడు. కంటికి సరిపడేలా అద్దం సర్ది చూపించాను. చాలాసేపు చూశాడు.

"దీనికేం పేరు పెట్టారండీ?"

"ఇంకా లేదయ్యా. ఇది ఆడది, ఒక్కటే ఉంది. మగది దొరకాలి."

చీటీలో చోటు, తేదీ, తిల్ల చెట్టు, పట్టినవారు అన్నీ రాసి ఉన్నాయి. గుర్తించినవారు అన్నచోట ఖాళీ ఉంచాను. ఈ మాఘంలో తిల్ల చిగురేసేసరికి మళ్ళీ ఆ గట్టుకు వెళ్ళాలి. గొడుగూ సీసాలూ సర్దిపెట్టాను.