కుంచె నంబరు కాదు, మొన చూడాలి

ఖమ్మం నుంచి బెజవాడ వెళ్లే రైలు దారిలో మధిర, ఎర్రుపాలెం దాటాక కొండపల్లి వస్తుంది. అక్కడి దశావతారాల బొమ్మల్లోంచి ఒక రాముణ్ణి చేతిలోకి తీసుకుని ముఖం చూడండి. బియ్యపు గింజంత చోటులో కన్ను, రెప్ప, కనుబొమ. గీత వెంట్రుకవాసి జరిగినా చూపు మారిపోతుంది.

ఇంత సన్నపని చూసి, ఇంట్లో చిన్న బొమ్మలకు రంగులేద్దామనుకునేవాళ్లు అంగడికెళ్లి అన్నిటికంటే సన్న కుంచె అడుగుతారు. మూడు సున్నాలది ఉందా అని. దయచేసి దాన్ని కొనకండి. దానికి పొట్ట ఉండదు, రంగు నిలవదు. బొమ్మ ముఖం దాకా వచ్చేలోపే మొన ఆరిపోతుంది. ఒకటో నంబరో రెండో నంబరో తీసుకోండి. పొట్ట నిండుగా, మొన సూదిలా ఉంటే కంటి గీత దానితోనే వస్తుంది. కొనేముందు నీళ్లలో ముంచి ఒక్కసారి విదిలించండి. వెంట్రుకలన్నీ ఒకే మొనగా కూడుకోవాలి. రెండుగా చీలితే పక్కన పెట్టేయండి. బొటనవేలి గోరు మీద వంచి వదిలితే మళ్లీ నిటారుగా లేవాలి.

కొండపల్లి పనివాళ్లు తెల్ల పొణికి కర్రను చెక్కి, తడి పోయేదాకా సెగ చూపిస్తారు. చేతులు, తలలు విడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సుద్ద పూత. ఆ పూత తడిని ఇట్టే పీల్చేస్తుంది. నీటి రంగు వేసేటప్పుడు కుంచె గీత మధ్యలో ఆగిందా, అక్కడ మరక పడినట్టే. అందుకే వాళ్లు వాడుతూ వచ్చిన మేకవెంట్రుకల కుంచె ఆ పనికి సరిగ్గా సరిపోయింది. మెత్తగా ఉండి రంగును బాగా పట్టుకుంటుంది. కాకపోతే దానికి బిగువు తక్కువ, చెయ్యి తేలిగ్గా నడవాలి. చేర్యాల నకాశీ చిత్రకారులు సన్న గీతలకు ఉడుత వెంట్రుకలు వాడేవారు. కొండపల్లి బొమ్మ అనగానే కర్ర గురించి, చెక్కడం గురించి చెప్పుకుంటాం. ఏ పూతకు ఏ వెంట్రుక అన్న ఎరుక కూడా అంతే పెద్ద విద్య అని నా నమ్మకం.

విదేశాల్లో చిన్న బొమ్మలకు రంగులేసేవాళ్లు కోలిన్స్కీ కుంచె కోసం వెతుకుతారు. సైబీరియా వైపు ఉండే ముంగిసలాంటి జంతువు తోకవెంట్రుకలవి. బిగువు, మొన రెండూ ఉంటాయి, ధరా ఎక్కువే. మనకు అంత అవసరం లేదు. ఎనామిల్, యాక్రిలిక్ రంగులకు నైలాన్ కుంచె చాలు. ఆ రంగులు మంచి వెంట్రుకను త్వరగా పాడుచేస్తాయి కూడా.

ముంగిస వెంట్రుకల కుంచెను మాత్రం ఎవరిచ్చినా ముట్టుకోవద్దు. కొస నల్లగా, నడుమ పాలిపోయి, మొదట్లో గోధుమరంగుగా కనిపిస్తే అనుమానించాల్సిందే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ వ్యాపారం నేరం. ఒక్కో జంతువు నుంచి వచ్చేవి కొద్ది గ్రాముల వెంట్రుకలే, అందుకోసం గుట్టలుగా చంపుతారు. కిన్నెరసాని అభయారణ్యం పక్కన, భద్రాచలం అడవి అంచున బతికే మనం ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండాలి.

ఇక కొన్న కుంచెను కాపాడుకోవడం. కుంచెను రంగులో సగం పొట్ట దాకానే ముంచండి. రేకు పట్టీలోకి రంగు దిగి గట్టిపడితే మొన శాశ్వతంగా విచ్చుకుంటుంది. పని కాగానే నీటిరంగు కుంచెను సబ్బుతో, ఎనామిల్ కుంచెను ముందు టర్పెంటైన్‌తో కడిగి, వేళ్లతో మొన దిద్ది, వెంట్రుకలు పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టండి. మొన పోయినదాన్నీ పారేయకండి, సుద్ద పూతకు పనికొస్తుంది.