సుడిలో చిక్కిన ఊరు

చిత్రకథ అనగానే పిల్లల కాలక్షేపమని తలచే అలవాటు మన సాహిత్యలోకాన్ని ఇంకా పూర్తిగా వీడలేదు. ఆ అలవాటును సడలించగల రచనలలో జపాన్ చిత్రకారుడు జుంజి ఇతో రూపొందించిన 'ఉజుమకి' ఒకటి. 1998-99లో 'బిగ్ కామిక్ స్పిరిట్స్' వారపత్రికలో ధారావాహికగా వెలువడి, మూడు సంపుటాలుగా గ్రంథరూపం దాల్చిన ఈ భయానక కథావళిలో తొలి సంపుటం ఇక్కడ పరిశీలనాంశం.

'ఉజుమకి' అంటే సుడి. కథాస్థలం కురౌజు అనే సముద్రతీర పట్టణం. కథ చెప్పేది కిరియె అనే విద్యార్థిని. ఆమె స్నేహితుడు షూయిచి తండ్రికి సుడి ఆకారంపై వ్యామోహం పుడుతుంది. నత్తగుల్లను గంటల తరబడి చూస్తూ, మెలి తిరిగిన వస్తువులన్నీ సేకరిస్తూ, చివరకు తన దేహాన్నే చుట్టగా చుట్టుకొని మరణిస్తాడు. తల్లిది సరిగ్గా ఇందుకు విరుద్ధమైన ఉన్మాదం. వేలికొనలలోని చక్రాలు సైతం కంటబడరాదని ఆమె వాటిని కోసివేసుకుంటుంది.

భయానక బీభత్స రసాలు రెండూ ఇక్కడ ఒకే ఆలంబనం నుండి పుట్టడం విశేషం. భయహేతువు దెయ్యం కాదు, రాక్షసుడు కాదు; కేవలం ఒక ఆకృతి. అది మన వేలిముద్రలో ఉంది, చెవిలోపలి ఎముకలో ఉంది. ఇక పారిపోవడానికి చోటెక్కడ? నలుపు తెలుపులలో, సన్నని గీతల అల్లికతో ఇతో ఈ ప్రశ్నను కంటికి కట్టిస్తారు. చితిపొగ ఆకాశంలో సుడి తిరిగి ఊరి చెరువులోకి దిగే దృశ్యం మాటలకు సాధ్యం కానిది.

'చందమామ' చదివి పెరిగిన తెలుగు పాఠకునికి బేతాళుడు సుపరిచితుడు. అతడు ప్రశ్నిస్తాడు, విక్రమార్కుడు ధర్మమెరిగి బదులిస్తాడు, శవం తిరిగి చెట్టెక్కినా న్యాయం నిలుస్తుంది. ఇతో సుడి ఏ ప్రశ్నా వేయదు. కనుక వివేకానికి అక్కడ పని లేదు.

లోపాలు లేకపోలేదు. ఆరు అధ్యాయాలలో ప్రతిదీ ఒక ఘోరంతో ముగుస్తుంది. మరుసటి అధ్యాయంలో బడి యథావిధిగా నడుస్తుంది. కిరియె పాత్ర సాక్షి స్థాయిని దాటదు. నవలా శిల్పదృష్టితో ఇది శైథిల్యమే. అయితే రచన సారం కూడా ఈ శైథిల్యంలోనే దాగి ఉంది. ఊరివారు ప్రతి విపత్తునూ విడి ఘటనగా ఎంచి మరచిపోతారు. ఘటనలన్నిటినీ ఒక్క దారాన గుచ్చి చూసేవాడు షూయిచి ఒక్కడే. అతని మాట ఎవరి చెవికీ ఎక్కదు.

చరిత్ర విద్యార్థులకు ఈ స్థితి కొత్త కాదు. 1943 నాటి వంగ క్షామంలో ఆకలిచావులు కళ్లెదుటే కనబడుతున్నా, బ్రిటిష్ పాలన క్షామాన్ని అధికారికంగా ప్రకటించలేదు. విపత్తుకు పేరు పెట్టకపోవడం దాన్ని పెంచి పోషించడమే అవుతుంది. ఇతో ఉద్దేశం పాలనావిమర్శ కాకపోవచ్చు. కాని కురౌజు పౌరుల నిర్లిప్తత మన దస్త్రాలకు మరీ దూరమైనదేమీ కాదు.

పసిపిల్లలకు తగని ఈ సంపుటం వయోజన పాఠకుల గ్రంథాలయాలలో చోటు పొందదగినది. జుగుప్స కలిగించడం సులభం. ఆ జుగుప్స వెనుక ఒక సమాజపు మతిమరుపును చూపడం అరుదు.